చోటు తెలిసిన చెయ్యి

ఆయిల్ క్యాచ్ క్యాన్ కొనడం పెద్ద పనేం కాదు. ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. దాన్ని కారులో ఎక్కడ బిగించాలన్నదే అసలు పని. అది డబ్బాతోపాటు వచ్చే కాగితంలో ఉండదు, ఉన్నా మన కారుకు సరిపోదు. ఆ పనిని చక్కగా చేసిన తీరొకటి ఈమధ్య విజయవాడ ఆటోనగర్‌లో చూశాను. లారీ బాడీలకు పేరుపడ్డ ఆ పేటలో కార్ల పని మాత్రమే చేసే చిన్న షెడ్డు అది. కారు మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బోనెట్ ఎత్తితే డబ్బా వెంటనే కంటబడలేదు, కాసేపు వెతకాల్సి వచ్చింది. కంపెనీవాళ్లే పెట్టారనిపించేలా కుదిరింది.

ముందు ఆ డబ్బా చేసే పని సంగతి. సిలిండర్లో ఇంధనం మండినప్పుడు కొంత వాయువు పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద క్రాంక్‌కేసులోకి జారుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. ఇంజను కొత్తదైనా ఎంతోకొంత తప్పదు. అందులో ఆయిల్ తుంపర, కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఉంటాయి. దానికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. పూర్వం దాన్ని ఒక గొట్టంతో రోడ్డు మీదికే వదిలేసేవారు. లాస్ ఏంజెలెస్ నగరం కలుషిత గాలితో ఉక్కిరిబిక్కిరయ్యాక, కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్ల నుంచి ఆ వాయువును తిరిగి ఇంజనుకే పీల్పించే ఏర్పాటు వచ్చింది. మెకానిక్కులు పీసీవీ అనేది దాన్నే.

ఊరి గాలికి మేలు జరిగింది గానీ వాల్వులకు చిక్కొచ్చింది. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద చిమ్ముతుంది కాబట్టి జిడ్డు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది. వాల్వుల మీద పడ్డ జిడ్డు అక్కడే మాడి గట్టిపడుతుంది. బాగా పేరుకుంటే మానిఫోల్డు విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి రాల్చాలి. అంతదాకా రాకుండా ఆవిరిలోని ఆయిల్‌ను దారిలోనే దించేసేది క్యాచ్ క్యాన్. అన్నం గిన్నె మూతకు చెమ్మ పట్టినట్టు, వేడి ఆవిరి డబ్బా గోడలకూ లోపలి స్టీలు జాలీకీ తగిలి చుక్కలై అడుగున చేరుతుంది. గోడలు చల్లగా ఉంటేనే ఈ పని జరుగుతుంది. చోటుకు ఇంత విలువ అందుకే.

ఆ షెడ్డు మేస్త్రి తాను వద్దనుకున్న చోట్లను ఒక్కొక్కటే చూపించారు. టర్బో పక్కన బోలెడంత ఖాళీ ఉంది, పైపు కూడా మూరెడు చాలు. కానీ అక్కడ డబ్బా కాలిపోతుంది, ఆవిరి ఆవిరిగానే దాటిపోతుంది. పైగా ఆయిల్ కారితే నేరుగా మండే లోహం మీదే పడుతుంది. ఇంజను మీదే బిగిస్తే వేడికి అదురు తోడవుతుంది, బ్రాకెట్టు ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది. వెనక ఫైర్‌వాల్ దగ్గర గాలి ఆడదు, బండి ఆపాక వేడంతా అక్కడే నిలుస్తుంది, చెయ్యీ దూరదు. బ్యాటరీ పక్కన లోహపు డబ్బా పెడితే స్పానరు జారిన రోజున టర్మినల్‌కు తగలొచ్చు.

రేడియేటర్ పై పట్టీ దగ్గర మాత్రం ఆయన కాసేపు ఆగారు. గాలి బాగా తగులుతుంది, పని సులువు, బోనెట్ ఎత్తగానే డబ్బా మెరుస్తుంది. చాలామంది కోరేదీ అదే. కానీ కారు ఎదురుగా గుద్దుకుంటే ముందు నలిగేది ఆ భాగమే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగు ముందు సెన్సర్లు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. “అక్కడ పెడితే ఫొటోకి బాగుంటుంది సార్” అని నవ్వి ఊరుకున్నారు.

చివరికి కుదిరిన చోటు హెడ్‌లైట్ వెనక, సస్పెన్షన్ టవర్‌కు కాస్త ముందు, ఫెండరు లోపలి అంచు. టర్బోకు దూరం. గ్రిల్‌లోంచి వచ్చే గాలి కొంత తగులుతుంది. డబ్బా నిటారుగా నిలుస్తుంది. కింద డ్రెయిన్ తిప్పడానికి జానెడు ఖాళీ ఉంది. బోనెట్‌కు తగులుతుందో లేదో చూడటానికి ఆయన చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. డబ్బా మూత మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, దానిపై పాలిథిన్ కాగితం కప్పి, బోనెట్‌ను నిదానంగా మూసి తెరిచారు. ముద్ద నొక్కుకుపోయి ఎంత మందాన మిగిలిందో చూసి, డబ్బాను ఇంకో అంగుళం కిందికి దించారు.

బ్రాకెట్టు దగ్గర చెయ్యి నైపుణ్యం మరింత తెలుస్తుంది. ముందు అట్టముక్క కత్తిరించి, వంచి, ఆ చోట కూర్చోబెట్టి చూశారు. కుదిరాక అదే కొలతకు 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు కోశారు. బాడీకి కొత్తగా ఒక్క కన్నం కూడా వేయలేదు. కన్నం పడితే రంగు పోతుంది, రంగు పోయినచోట తుప్పు పడుతుంది. కంపెనీ అక్కడ ముందే ఇచ్చిన రెండు బోల్టులనే వాడుకున్నారు. ఒక్క బోల్టైతే అదురుకు బ్రాకెట్టు మెల్లగా తిరిగిపోతుంది, రెండుంటే కదలదు. రేకు అంచులు ఆకురాయితో అరగదీసి, మూలలు గుండ్రం చేసి, నలుపు రంగు కొట్టారు. డబ్బాకూ రేకుకూ మధ్య రబ్బరు వాషర్లు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లు. ఆ అంచు వెంట వేలు పోనిచ్చి చూశాను. ఎక్కడా గరుకు తగల్లేదు.

ఇక పైపులు. టర్బో కారులో ఈ ఆవిరికి రెండు దారులుంటాయి. యాక్సిలరేటర్ తక్కువగా తొక్కినప్పుడు మానిఫోల్డు పీల్చుకుంటుంది. టర్బో ఒత్తిడి పెంచినప్పుడు అక్కడి వాల్వు మూసుకుని, ఆవిరి టర్బో ముందున్న గాలి పైపులోకి పోతుంది. కారు యజమాని ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతారు కాబట్టి మేస్త్రి మానిఫోల్డు దారినే ఎంచుకున్నారు. ఆ దారిలో ఎక్కడ గాలి చొరబడినా మిశ్రమం పలచబడి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. అందుకే ప్రతి మూతినీ క్లాంపుతో బిగించారు. కూలెంట్ పైపులకు వాడే ఈపీడీఎం రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది, కనుక ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ పైపు తెప్పించారు. లోపలి వ్యాసం పాత పైపు కంటే తగ్గలేదు. తగ్గితే క్రాంక్‌కేసులో ఒత్తిడి నిలుస్తుంది.

పైపు నడిపిన తీరు చూడాలి. ఇంజను నుంచి డబ్బా దాకా ఒకే వాలు, మధ్యలో ఎక్కడా వేలాడే వంపు లేదు. వంపుంటే ఆయిల్, నీళ్లు అక్కడే నిలిచి దారి మూస్తాయి. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, డబ్బా బాడీకి అంటి కదలకుండా ఉంటుంది. ఆ ఊగుడుకు పైపులో ఎంత వదులుండాలో తేల్చడానికి ఒకరిని కారులో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టి, గేరును డ్రైవ్‌కూ రివర్స్‌కూ మార్చమన్నారు. ఇంజను ఇటు అటు ఒరిగినప్పుడు పైపు ఎక్కడ లాగుతోందో వేళ్లతో పట్టి చూశారు. ఒకచోట వైరింగ్‌కు రాసుకుంటోందని అక్కడ తొడుగు వేశారు.

ఈ డబ్బా పుట్టింది రేసు మైదానాల్లో. ఆయిల్ ట్రాక్ మీద చిందితే వెనక వచ్చే కారు జారిపోతుంది. అందుకే అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో క్యాచ్ ట్యాంకు 2000 సీసీ వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు పట్టాలని ఉంది. అక్కడ ఆవిరిని బయటికి వదిలే పద్ధతీ ఉంది. రోడ్డు మీద తిరిగే బీఎస్-6 కారులో అది కుదరదు, ఆవిరి తిరిగి ఇంజనులోకే పోవాలి. ఈ షెడ్డులో బిగించింది అలా మూసిన దారే.

దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకూడదు. పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారుకు దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. డబ్బా మరీ తొందరగా నిండుతుంటే రింగులు అరిగాయేమో చూపించుకోవాలి. వారంటీ ఉన్న కారైతే బిగించే ముందు షోరూంలో అడగడం మంచిది. చలికాలంలో అడుగున మీగడ రంగు నురగ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఆయిల్‌తో నీరు కలిస్తే అలాగే ఉంటుంది. వంచిన ఆయిల్‌ను కాలవలో పోయకుండా, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే షెడ్డుకే ఇవ్వాలి. నిండిన డబ్బాను మరిచిపోతే పట్టిన ఆయిల్ మళ్లీ ఇంజనులోకే పోతుంది. చెయ్యి సులువుగా అందే చోటు ఎంచుకోవడంలో ఉన్న ముందుచూపు అదే.

మీ కారుకు క్యాచ్ క్యాన్ పెట్టించుకోవాలనుకుంటే డబ్బా బ్రాండు గురించి తర్వాత అడగండి. ముందు ఎక్కడ బిగిస్తారో, ఎందుకో అడగండి. “ఖాళీ ఎక్కడుంటే అక్కడ” అని జవాబొస్తే, ఇంకో షెడ్డు చూసుకోండి.