వడ్ల కుప్పల మధ్య పైలట్

తిమ్మాజిపేట మండలంలో అర్ధరాత్రి ‘పైలటన్న వచ్చిండా?’ అని ఎవరైనా అడిగితే ఆకాశం వైపు చూసేవాళ్లుండరు. 108 బండి నడిపే మనిషిని ఇక్కడ పైలట్ అనే అంటారు. వెనక రోగి పక్కన ఉండి ప్రథమ చికిత్స చేసేది ఈఎంటీ. అసలైన ఎయిర్ అంబులెన్స్ ఈ ఊళ్ల అక్కరకొచ్చేది కాదు. విమానం ఎక్కించాలంటే శంషాబాద్ పోవాలి. అంతదూరం పోగలిగిన బండి హైదరాబాద్ ఆస్పత్రికే పోతుంది కదా!

2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి మొదలైన ఈ 108 సేవలో ఫోన్ ముందు నగర శివార్లలోని కాల్ సెంటర్‌కు చేరుతుంది. అక్కడినుంచి దగ్గర్లోని బండికి కబురొస్తుంది. ఇక పైలట్ పని మొదలు. తండాలో ఇంటి నంబర్లు అడిగి లాభం లేదు. ఆవంచకైతే ఏకశిలా గణపతి గుర్తు. మిగతాచోట్ల వేపచెట్టు, బోరుమోటరు, కూలిన గోడ.

“యాడికొచ్చిన్రు అన్నా?”

“గుడి దాటినం తమ్మీ. ఒక మనిషిని రోడ్డు మీదికి తోలు. సెల్లు లైటేసి నిలవడమను.”

ఈ రెండు మాటల్లోనే సగం విద్య ఉంది. ఆస్ట్రేలియాలో 1928లో క్లాంకరీ నుంచి ఫ్లయింగ్ డాక్టర్ సేవ మొదలైనప్పుడు, విమానంలో రేడియో లేక పైలట్లు నదులు, కంచెలు, రోడ్లు చూసుకుంటూ ఎగిరేవారు. జాన్ ఫ్లిన్ కలగన్న ఆ సేవకు తొలి పైలట్ ఆర్థర్ అఫ్లెక్. వాళ్లు పైనుంచి గుర్తులు వెతుక్కున్నారు, మనవాళ్లు కిందినుంచి వెతుక్కుంటున్నారు. సెల్‌ఫోన్లో లొకేషన్ పంపే కాలం వచ్చినా సిగ్నల్ పోయిన చోట మళ్లీ వేపచెట్టే గతి.

ఎక్కించాక అసలు పరీక్ష. స్ట్రెచర్ మీద తల డ్రైవర్ వైపు, కాళ్లు వెనక తలుపు వైపు ఉంటాయి. గట్టిగా బ్రేక్ వేస్తే ఒంట్లో రక్తం తల వైపు ఒత్తుకొస్తుంది. తలకు దెబ్బ తగిలినవాడికి అది చేటు. కాలు విరిగినవాడికి ప్రతి స్పీడ్ బ్రేకరూ నరకమే. అందుకే చేయి తిరిగిన పైలట్ బ్రేక్ కన్నా ముందు యాక్సిలరేటర్ వదులుతాడు, గుంత కనపడగానే “గుంతా!” అని కేకేస్తాడు. వెనక నరం వెతుకుతున్న ఈఎంటీ సూదిని వెనక్కి తీస్తుంది, బండి దిగి ఎక్కాక మళ్లీ పెడుతుంది. నెలలు నిండిన తల్లిని ఎడమ పక్కకు పడుకోబెడతారు. దారిలోనే కాన్పు అయ్యేలా ఉంటే పైలట్ బండిని పక్కకు ఆపి, లైట్లన్నీ వేసి, తలుపు దగ్గర కాపలా నిలబడతాడు. ఆ సమయంలో బండి ఆపడం కూడా నైపుణ్యమే. సైరన్ మోగుతోంది కాబట్టి దూసుకుపోవాలి అనుకునే బంధువులకు ఇది మింగుడుపడదు.

పాము కాటైతే లెక్క వేరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. అది ఎక్కడ ఉందో అక్కడికే పోవాలి. కాటు పైన బిగించి కట్టిన తాడు చూస్తే ఈఎంటీ గుండె జారుతుంది. కాలు కదపకుండా పడుకోబెట్టడమే మేలు. పురుగుల మందు తాగినవాళ్ల విషయంలో “డబ్బా తెండ్రి” అన్నది మొదటి మాట. డబ్బా మీద పేరు చూస్తే డాక్టరుకు ఏ విషమో తెలుస్తుంది. ఇక ఎటు పోవాలి? 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక ఇటో అటో అన్న ఆలోచన పెరిగింది. రోగి స్థితి, దారి, ఆస్పత్రి మూడూ చూసి డాక్టరుతో ఫోన్లో మాట్లాడి తేల్చుకుంటారు. దుందుభి వాగు పొంగిన రోజున దారే తీర్పు చెబుతుంది.

అన్నిటికన్నా మొండి శత్రువు వడ్లు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక ఈ చుట్టుపక్కల వరి పెరిగింది, కల్లాలు మాత్రం పెరగలేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, వాటిపై నల్ల పరదా, అంచున రాళ్లు. రాత్రి హెడ్‌లైట్లలో పరదా రోడ్డులాగే కనపడుతుంది, దాని పక్కన బ్రేక్ వేస్తే చిందిన గింజల మీద టైరు జారుతుంది. అంబులెన్సుకు దారివ్వకపోతే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయితే ఆ చట్టాన్ని వడ్లారబోసిన రైతు మీద ఎవరు ప్రయోగిస్తారు? ప్రయోగించాలనీ నాకు లేదు. ఆయన కల్లమేది?

పైలట్లు దీనికొక ఉపాయం కనిపెట్టుకున్నారు. తిరుగు దారిలో బండిలో రోగి ఉంటాడు కనుక, పోయేటప్పుడే దిగి మలుపు దగ్గర రాళ్లు పక్కకు జరిపి పోతారు. కుప్ప పక్కన పడుకున్న రైతు లేచి ముందు వడ్ల కోసం అరుస్తాడు. 108 అని చూశాక “ఎవరింట్లనే?” అని అడుగుతూ తనే పరదా లాగుతాడు.