సంక్షోభ సమయంలో షూరా: ముహమ్మద్ అసద్ సిద్ధాంతంపై ఒక పరిశీలన

రాజ్యాధినేత సలహా తీసుకోవాలన్న విషయంలో ముస్లిం రాజనీతివేత్తలకు భేదాభిప్రాయం లేదు. తీసుకున్న సలహాకు ఆయన కట్టుబడాలా అన్నదే వివాదం. 1961లో వెలువడిన 'ఇస్లాంలో రాజ్య, ప్రభుత్వ సూత్రాలు' అనే ఆంగ్ల గ్రంథంలో ముహమ్మద్ అసద్ దీనికి నిస్సంకోచంగా సమాధానమిచ్చారు. మజ్లిసె షూరాను ప్రజలే ఎన్నుకోవాలి; అందులోని అధిక సంఖ్యాకుల నిర్ణయం అమీరుకు శిరోధార్యం కావాలి.

ఈ వాదానికి ఉహుద్ ఘటన బలమిస్తుంది. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవాలని దైవప్రవక్త (స) భావించారు. బయటికి వెళ్లి పోరాడాలని పలువురు పట్టుబట్టగా ఆయన అంగీకరించారు. యుద్ధంలో తీవ్రనష్టం కలిగింది. అయినా ఆ తరువాత అవతరించిన దివ్య ఖుర్ఆన్ వాక్యం (3:159) సంప్రతింపులను మానుకొమ్మనలేదు; కొనసాగించమనే ఆదేశించింది.

అయితే సంక్షోభాలన్నీ ఓట్ల లెక్కకు లొంగవు. హిజ్రీ 18 ప్రాంతంలో సిరియాలో మహమ్మారి చెలరేగింది. అక్కడికి బయలుదేరిన హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ వద్ద ఆగి మొదట ముహాజిర్లను, పిదప అన్సార్లను పిలిపించారు. రెండు వర్గాలలోనూ అభిప్రాయాలు చీలిపోయాయి. ఆ తరువాత పిలిపించిన ఖురైష్ పెద్దలు మాత్రమే తిరిగి వెళ్లడమే మేలని ఏకకంఠంతో చెప్పారు. ఉమర్ (ర) తిరుగు ప్రయాణం ప్రకటించగానే సేనాధిపతి అబూ ఉబైదా (ర) దైవ నిర్ణయం నుండి పారిపోవడమా అని అందరి ఎదుట నిలదీశారు. ఖలీఫా ఆయనను శిక్షించలేదు, హేతువు చెప్పారు. చివరకు సందేహాన్ని తీర్చింది ఆ సమావేశాలలో లేని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర). మహమ్మారి ఉన్న ప్రాంతానికి పోరాదన్న ప్రవక్త వచనాన్ని ఆయన వినిపించారు.

ఇక్కడ నిర్ణయాన్ని తేల్చింది తలల లెక్క కాదు. సలహా ఇచ్చినవారి గౌరవం ఖలీఫా దయాభిక్ష కాకపోవడమే అసలు బలం. అసద్ చెప్పిన రెండు నియమాలలో సంక్షోభ కాలానికి ప్రాణప్రదమైనది మొదటిది. గ్రంథాన్ని సమర్థించేవారు సాధారణంగా రెండవదానినే ఎత్తిచూపుతారు.

ఆ మొదటి నియమం లోపిస్తే ఏమవుతుందో పాకిస్తాన్ చూపింది. 1977లో సైనికచర్యతో అధికారం చేజిక్కించుకున్న జనరల్ జియావుల్ హఖ్, 1981 డిసెంబరులో మజ్లిసె షూరా పేరుతో ఒక మండలిని ఏర్పరచారు. సభ్యులను నియమించినది ఆయనే. దానికున్నది సలహా చెప్పే అధికారమే. పేరు ఖుర్ఆన్ పరిభాష నుండి వచ్చింది గాని, పాలకుడిని నిలదీయగల స్వాతంత్ర్యం నియామకపత్రంతో రాదు. అటువంటి సభలో అధిక సంఖ్యాకుల తీర్మానానికి పాలకుడు కట్టుబడినా, ఆయన తన మాటకే తాను కట్టుబడినట్లవుతుంది.

కనుక సలహామండలి విలువను పాలకుడు ఎంతమంది మాట విన్నాడన్న దానితో కాక, అబూ ఉబైదా వలె ఎదురాడినవాడు మరునాడు కూడా తన స్థానంలో ఉన్నాడా అన్న దానితో కొలవడం సమంజసం.