పుట్టిన చోటు: చంచల్‌గూడ

మా జల్‌పల్లిలో ఎవరైనా "చంచల్‌గూడకి పోయిండు" అంటే చుట్టాలింటికి పోయాడని ఎవరూ అనుకోరు. పాతబస్తీలో ఆ పేట పేరే జైలుకి పేరైపోయింది. ఆడవాళ్ల జైలూ అక్కడే ఉంది.

ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు చదువుతుంటే ఈ మాట గుర్తొచ్చింది. 1994లో విచారణ ఖైదీల దుస్థితి మీద వేసిన పిటిషన్ అది. అందులో భాగంగానే తల్లులతో పాటు జైల్లో పెరుగుతున్న పిల్లల సంగతి కోర్టు ముందుకొచ్చింది. వీలైనంతవరకు కాన్పు బయటి ఆస్పత్రిలో జరగాలంది కోర్టు. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరుండొచ్చు. క్రెష్, నర్సరీ ఉండాలి. జనన నమోదులో పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ పేట చిరునామా మాత్రమే రాయాలి.

అవసరమైన తీర్పే, కాదనను. కానీ ఇందులో ఆ స్త్రీ ఎవరు?

1974 నాటి మరో కేసు చూడండి. విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని నక్సలైట్ ఖైదీలు, భువన్ మోహన్ పట్నాయక్ తదితరులు, జైలు గోడ మీది కరెంటు తీగని ప్రశ్నిస్తూ తామే సుప్రీంకోర్టుకెళ్లారు. పిటిషన్ కొట్టేశారు. అయినా, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని ఆ తీర్పే చెప్పింది. 1978లో సునీల్ బాత్రా తీర్పు ఆ మాటనే అందుకుంది.

వాళ్లు "మా హక్కు" అంటూ వెళ్లారు. 2006 తీర్పులో స్త్రీ బిడ్డని ఎత్తుకుని ఉంటేనే కనబడుతుంది. బిడ్డకి ఆరేళ్లు నిండి, హోముకి పంపేశాక వారానికోసారి చూడనివ్వాలంది కోర్టు. మిగతా ఆరు రోజులూ ఆమె ఎవరు? అసలు పిల్లలే లేని ఖైదీ మాటేమిటి?

కోర్టు ముందున్న ప్రశ్న పిల్లల గురించే కదా అనొచ్చు. నిజమే. కానీ ఈ వ్యాసం కోసం నేను రాసుకున్న నోట్సు తిరగేస్తే 'ఖైదీ' కన్నా 'తల్లి' అన్న మాటే ఎక్కువసార్లు కనిపించింది. జాలిపడటానికి నాకూ ఆమె ఒళ్లో బిడ్డ కావలసి వచ్చిందన్నమాట!

కాగితం మీద జైలు అన్న మాట తీసేసి చంచల్‌గూడ అని రాస్తే ఈ ఊళ్లో ఏం దాగుతుంది? మచ్చ ఉన్నది జనన పత్రంలో కాదు, మన నోట్లో. ముందు అక్కడ కొట్టేసుకోవాలి.