తిరిగొచ్చిన ఫ్యాక్టరీ, తిరిగిరాని జీతం

2008 డిసెంబర్ 23. క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు, అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో, డేటన్ పక్కనున్న మొరైన్ అనే చిన్న ఊళ్ళో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ప్రాంతంలోనే ఉండే జూలియా రైకర్ట్, స్టీవెన్ బోగ్నార్ ఆ మూసివేతని ‘ద లాస్ట్ ట్రక్’ (2009) అనే చిన్న డాక్యుమెంటరీగా తీశారు. కొన్నేళ్ళకి అదే షెడ్డుని ఫుయావ్ అనే చైనా అద్దాల కంపెనీ కొనుక్కుంది. దర్శకులిద్దరూ మళ్ళీ అక్కడికే వెళ్ళారు. అలా వచ్చింది ‘అమెరికన్ ఫ్యాక్టరీ’ (2019). మరుసటి ఏడాది ఆస్కార్ కూడా వచ్చింది.

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ‘రెండు సంస్కృతుల సంఘర్షణ’ అంటారు. సంఘర్షణ ఉంది, కాదనను. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే సినిమాలో అసలు విషయం చేజారిపోతుంది. అసలు విషయం జీతం చీటీ.

ఒకావిడ కెమెరాకి చెప్తుంది: జనరల్ మోటార్స్‌లో గంటకి 29 డాలర్ల పైచిలుకు వచ్చేదట. ఇప్పుడు ఫుయావ్‌లో 12 డాలర్ల 84 సెంట్లు. ఏడుపు లేదు, నేపథ్య సంగీతంతో పిండటం లేదు. ఇంకొకావిడ ఇల్లు పోగొట్టుకుని తోబుట్టువు ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటుంది. ఉద్యోగం దొరికినందుకు ఇద్దరికీ సంతోషమే. ఆ సంతోషం అబద్ధం కాదు, కానీ ఖాళీ కడుపు మీద వచ్చిన సంతోషం అది. ‘ఉద్యోగాలు తిరిగి తెస్తాం’ అని ఎన్నికల సభల్లో చెప్పేవాళ్ళు ఎన్ని ఉద్యోగాలో చెప్తారు గానీ, ఎంత జీతానికో చెప్పరు. ఆ రెండో అంకెని సినిమా మన ముందు పెడుతుంది.

పెద్ద లెక్కలు కూడా ఇదే చెప్తాయి. అమెరికా ఫ్యాక్టరీల్లో 1979లో సుమారు 1.95 కోట్ల మంది పనిచేసేవాళ్ళు. 2010 మొదటికి అది 1.15 కోట్ల దగ్గరికి పడిపోయింది. ఆ తర్వాత కొంత కోలుకుంది గానీ, పాత ఎత్తు దరిదాపులకి కూడా పోలేదు. వస్తువుల తయారీ ఆగిపోయిందా అంటే, లేదు. తక్కువ మందితో ఎక్కువ తయారవుతోంది. కొంత పని చైనాకి పోయింది, కొంత పని మరమనిషికి పోయింది. చైనాకి పోయిన పనిని వెనక్కి పిలవొచ్చు. రెండోదాన్ని ఎవరు పిలుస్తారు?

సినిమాలో నాకు బాగా నచ్చింది, ఎవర్నీ విలన్ని చెయ్యకపోవడం. వ్యాఖ్యాత గొంతు ఎక్కడా వినపడదు. కొలిమి దగ్గర పనిచేసే చైనా ఇంజనీరు పెళ్ళాం పిల్లల్ని వదిలి సముద్రాలు దాటొచ్చాడు. అమెరికన్ సహోద్యోగి అతన్ని ఇంటికి పిలిచి భోజనం పెడతాడు, తుపాకులు చూపిస్తాడు. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి సరిగ్గా రాదు, అయినా వాళ్ళ మధ్య స్నేహం నిజం. ఛైర్మన్ త్సావ్ దవాంగ్ కూడా ఒకచోట తన పేద బాల్యాన్ని తల్చుకుని, తాను చేసింది మేలా పాపమా అని తనలో తాను అనుకుంటాడు.

అయితే ఈ సమతూకమే సినిమాకి బలహీనత కూడా. యూనియన్ కోసం జరిగిన పోరాటం సినిమాకి గుండెకాయ. 2017 నవంబర్‌లో ఓటింగ్ జరిగింది. యూనియన్ వద్దని 868, కావాలని 444. ఓటుకి ముందు కంపెనీ కన్సల్టెంట్లని పిలిపించి పనివాళ్ళకి మీటింగులు పెట్టించింది. అదంతా చూపించారు. కానీ వద్దని ఓటేసిన ఆ 868 మంది మనసులో ఏముంది? భయమా? దొరికిన ఈ కాస్తా మళ్ళీ పోతుందనా? ఆ మనుషుల దగ్గర కెమెరా ఇంకాసేపు కూర్చోవాల్సింది. అలాగే, పాత ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందనే ప్రశ్న జోలికి సినిమా పెద్దగా పోదు. మొరైన్‌లో తయారైంది పెట్రోలు విపరీతంగా తాగే పెద్ద బండ్లు. 2008లో పెట్రోలు మండింది, ఆపైన ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్ళు చైనాలో లేరు. ఈ ముక్క లేకపోతే ‘అమెరికా వాళ్ళు, చైనా వాళ్ళు’ అన్న కథే ప్రేక్షకుడి మనసులో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

చివరికొచ్చేసరికి ఆ కథని సినిమాయే బద్దలు కొడుతుంది. ఛైర్మన్ ఫ్యాక్టరీలో నడుస్తుంటాడు. పక్కనున్న మేనేజర్లు చూపిస్తుంటారు: ఇక్కడ ఇంతమందిని తీసేస్తున్నాం, అక్కడ మిషన్ పెడుతున్నాం. ఎవరూ గొంతు పెంచరు. ఇంట్లో పాత సోఫా తీసేసి కొత్తది ఎక్కడ వెయ్యాలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత షిఫ్టు మారే దృశ్యం. అమెరికాలోనూ చైనాలోనూ పనివాళ్ళు గేట్ల గుండా నడుస్తుంటారు. నడకలు ఒకేలా ఉంటాయి, అలసట కూడా.

ఈ సినిమా వచ్చిన 2019లోనే మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ మొదలైంది. కొరియా వాళ్ళూ తెలుగువాళ్ళూ ఒకే కప్పు కింద పనిచేసే చోటది. అక్కడి కథ మొరైన్ కథే అని నేననను. మనకి పోయి తిరిగొచ్చిన ఫ్యాక్టరీ కాదు, కొత్తగా వచ్చింది. కానీ ఫ్యాక్టరీ వస్తుందన్న ప్రతిసారీ పేపర్లో మొదటి పేజీకెక్కేది ఇక్కడా ఆ మొదటి అంకే: ఇన్ని కోట్ల పెట్టుబడి, ఇన్ని వేల ఉద్యోగాలు. రెండో అంకె కోసం మనం వెతుక్కోవాలి.

జూలియా రైకర్ట్ 2022లో కన్నుమూసింది. ఆస్కార్ వేదిక మీద నిలబడి, పనివాళ్ళ బతుకులు రోజురోజుకీ కష్టమవుతున్నాయని, వాళ్ళు ఒక్కటైతేనే బాగుపడతాయని చెప్పిన మనిషి. ఈ సినిమాలో ఆమె ఆ మాట నేరుగా అనదు. గంటకి 12 డాలర్ల 84 సెంట్లు అని చెప్పిన ఆ మొహం మీద కెమెరాని కాసేపు నిలబెడుతుంది, అంతే. నాకైతే అది చాలు.