జిప్‌కోడ్ లేని కథలు

అమెరికా తెలుగు కథల మీద ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కథలో ఊరి పేరు ఎక్కడుందో వెతికి, దాన్ని మార్చేయండి. డాలస్ తీసేసి డెట్రాయిట్ పెట్టండి, ఎడిసన్ తీసేసి నెబ్రాస్కాలో ఏదో ఒక ఊరు పెట్టండి. చాలా కథల్లో ఆ తర్వాత ఒక్క వాక్యం కూడా సవరించాల్సిన పని పడదు. వీకెండ్ పాట్‌లక్ ఎలాగూ జరుగుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సోఫాలో కూర్చుని కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూనే ఉంటారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఆ కథల్లో ఊరు డిక్లేర్ చేసి వాడకుండా వదిలేసిన వేరియబుల్.

ఇదే పరీక్ష కేతు విశ్వనాథరెడ్డి కథ మీద చేయండి. ఆ కడప పల్లెను ఎత్తుకెళ్ళి కోనసీమలో పెడితే కథ నిలబడదు. వాన, అప్పు, కక్ష, మనుషుల మాటతీరు అన్నీ ఆ నేలకే అంటుకుని ఉంటాయి. ఇంత బలమైన స్థలస్పృహ ఉన్న భాషలోనే, విమానం ఎక్కిన కథ ఊరిని ఎందుకు కిందే వదిలేసింది?

"అమెరికాలో అన్ని సబర్బులూ ఒకటే కదా, రాయడానికి ఏముంది" అనే జవాబు చాలాసార్లు విన్నాను. నాకు అది నచ్చదు. కొత్తగా వెళ్ళినవాళ్ళ మధ్య కూర్చుని చూడండి, వాళ్ళు గంటలు గంటలు మాట్లాడుకునేది ఊరి గురించే. కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తుంది: "క్లయింట్ బెంటన్‌విల్‌లో, రెండేళ్ళ ప్రాజెక్టు. పోతావా, డాలస్‌లో ఇంకో నెల చూస్తావా?" వాల్‌మార్ట్ ఆఫీసు తప్ప మనవాళ్ళలో ఎవరికీ ఇంకేమీ తెలియని ఊరు అది. పోతే అద్దె తక్కువ, డబ్బులు మిగులుతాయి, అప్పు తీరుతుంది. పోకపోతే తెలిసినవాళ్ళ మధ్య ఉండొచ్చు, ఉద్యోగం పోతే ఇంకోటి అక్కడే వెతుక్కోవచ్చు. ఈ లెక్కలో డబ్బు ఉంది, భయం ఉంది, పెళ్ళాం వీసా ఉంది, పుట్టబోయే పిల్లల బడి ఉంది. కథకు ఇంతకంటే ఏం కావాలి?

పైగా ఈ ఎంపిక సగం మన చేతిలో ఉండదు. 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో వచ్చిన నిర్ణయం తర్వాత, హెచ్-1బి మీద ఉన్నవాడి పనిచోటు ఒక మెట్రోపాలిటన్ ప్రాంతం దాటి మారితే కంపెనీ పిటిషన్‌ని సవరించి మళ్ళీ వేయాలి. అంటే మన ఊరి పొలిమేరను జనాభా లెక్కలవాళ్ళ మ్యాపు గీస్తుంది. మా వైపు పొలిమేరలో ఒక రాయి పాతి కుంకుమ పెడతారు. ఇక్కడ ఒక ఫారం. ఈ ఫారం గురించి తెలుగులో ఒక మంచి కథ ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

నేను పుట్టింది బేతంచెర్లలో. ఎర్రమల కొండల మధ్య, గుంటూరు-గుంతకల్ రైలు దారిలో ఉన్న ఊరు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము చెట్ల మీద, సైకిళ్ళ మీద, కనురెప్పల మీద కూడా ఉంటుంది. ఉద్యోగం మీద మొదట ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో ఉన్నాను, తర్వాత డాలస్ దగ్గర. బ్లూమింగ్టన్, పక్కనే ఉన్న నార్మల్ (ఊరి పేరే అది) రెండూ కలిపి లక్షా ముప్పై వేల జనం. స్టేట్ ఫామ్ ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్డాఫీసు అక్కడే కాబట్టి మనవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఊరు దాటితే చుట్టూ మొక్కజొన్నే. చికాగో పోవాలంటే నార్మల్ స్టేషన్‌లో రైలెక్కాలి.

మా అమ్మ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "ఆడ మనోళ్ళుండారా నాయనా?"

ఉండారమ్మా అన్నాను. ఆ 'మనోళ్ళు' అనే మాట గురించి కాసేపు మాట్లాడుకోవాలి. ఎందుకంటే చిన్న ఊరికీ పెద్ద ఊరికీ తేడా నాకు అద్దెలో కంటే ఈ మాటలోనే ఎక్కువ కనిపించింది. బ్లూమింగ్టన్‌లో మనోళ్ళంటే తెలుగువాళ్ళు మాత్రమే కాదు. తమిళులు, గుజరాతీలు, ఒక బంగ్లాదేశ్ కుటుంబం, ఎవరు దొరికితే వాళ్ళు. చలికాలంలో కారు స్టార్ట్ కాకపోతే జంపర్ కేబుల్ పట్టుకొచ్చినవాడే మనోడు. డాలస్‌కి మారాక మనోళ్ళు వేల మంది. ఇంత మంది ఉన్నప్పుడు ఆ మాట చీలడం మొదలవుతుంది. "ఏ ఊరు?" బేతంచెర్ల. "అంటే కర్నూలా?" అప్పట్లో కర్నూలే, ఇప్పుడు నంద్యాల జిల్లా. "ఓహో. ఇంటిపేరు?" అక్కడితో ఆగదు. ఏ సంఘం మహాసభలకు వెళ్తారు, ఏ హీరో సినిమాకి బెనిఫిట్ షో చూశారు... కులం అన్న మాట ఎవరూ నోటితో అనరు. మూడు ప్రశ్నల్లో జల్లెడ పట్టేస్తారు, నాలుగో ప్రశ్నకు నువ్వు ఎవరింటి పుట్టినరోజుకి పిలవబడతావో తేలిపోతుంది.

అలాగని చిన్న ఊరిని ఆకాశానికెత్తను. ఆ జల్లెడే కొందరికి అవసరం కూడా. ప్రసవానికి అమ్మకి వీసా రాకపోతే పథ్యం వండి పంపేది ఈ పెద్ద ఊరి మనోళ్ళే. బ్లూమింగ్టన్‌లో ఫిబ్రవరి శనివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. మన కథల్లో 'ఒంటరితనం' అని ఒక్క ముక్కలో తేల్చేసేది అదే. కానీ చిన్న ఊరిలో మనుషులు లేని ఒంటరితనం వేరు, పెద్ద ఊరిలో నీ ఇంటిపేరు తెలిశాక మాట తగ్గించినవాళ్ళ మధ్య ఒంటరితనం వేరు. కథ ఈ రెంటినీ విడదీయకపోతే నాకు దాని మీద నమ్మకం పోతుంది.

ఇంగ్లీషులో దీన్ని చూసినవాళ్ళు ఉన్నారు. ఝుంపా లాహిరి 'ది నేమ్‌సేక్' (2003) చాలామంది చదివే ఉంటారు, కనీసం సినిమా అయినా చూసి ఉంటారు. అందులో ఆషిమాకి కలకత్తా నుంచి కేంబ్రిడ్జ్ రావడం కంటే, కేంబ్రిడ్జ్ నుంచి సబర్బ్‌కి మారడమే ఎక్కువ కష్టమనిపిస్తుంది. ఖండాలు దాటిన బాధ కంటే కొన్ని మైళ్ళు దాటిన బాధ పెద్దది అని చెప్పడానికి నవలాకారిణికి ధైర్యం కావాలి. తర్వాత ఆమె భర్త అశోక్ ఉద్యోగం పని మీద ఒంటరిగా క్లీవ్‌లాండ్ దగ్గరికి వెళ్ళి అక్కడే చనిపోతాడు. కొడుకు ఆ అద్దె ఇంటిని ఖాళీ చేయడానికి వెళ్తాడు. ప్రాజెక్టు పేరుతో ఇంటికి దూరంగా ఉన్న ప్రతి తెలుగువాడికీ ఆ ఇల్లు తెలుసు.

అబ్రహం వర్గీస్ 'మై ఓన్ కంట్రీ' (1994) ఇంకా దగ్గరగా వస్తుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు 1980లలో టెనెసీలోని జాన్సన్ సిటీ అనే చిన్న ఊరికి వెళ్తాడు, ఎయిడ్స్ రోగులను చూస్తాడు. ఆ రోగుల్లో చాలామంది పెద్ద నగరాలకు పారిపోయి బతికిన స్థానిక కుర్రాళ్ళు, చావడానికి సొంత ఊరికి తిరిగొస్తారు. ఆ ఊరి బిడ్డలు ఊరిని వదిలి పోయారు, ఎక్కడి నుంచో వచ్చినవాడు ఆ ఊళ్ళో నిలబడ్డాడు. వర్గీస్ ఆ కొండదారులను, ఇళ్ళను, మాటల యాసను ఎంత పట్టుగా రాస్తాడంటే, పుస్తకం పేరులోని 'సొంత' అనే మాట ఆయనకు చెల్లుతుంది. అమెరికా చిన్న ఊళ్ళలో దశాబ్దాలుగా తెలుగు డాక్టర్లు ఉన్నారు. వాళ్ళ జాన్సన్ సిటీలు తెలుగులో ఎక్కడ?

భయం సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో ఒక బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపారు. ఆ తర్వాత చాలా ఇళ్ళలో "చిన్న ఊళ్ళకు పోవద్దు" అనేది నియమం అయిపోయింది. నిజానికి ఓలేత్ చిన్న ఊరు కాదు, కాన్సస్ సిటీ పక్కన లక్షకు పైగా జనం ఉన్న సబర్బ్. శ్రీనివాస్, ఆయన స్నేహితుడు ఆ బార్‌కి తరచూ వెళ్ళేవాళ్ళు, అక్కడివాళ్ళకు తెలిసిన మొహాలే. హంతకుణ్ణి ఆపబోయి తూటా తగిలించుకున్న ఇయాన్ గ్రిలో కూడా ఆ సాయంత్రం అక్కడ కూర్చున్నవాడే. మనవాళ్ళు నివాళి కవితలు చాలా రాశారు, వాటిలో ద్వేషం ఉంది, దుఃఖం ఉంది. ఒక ఊళ్ళో ఒక టేబుల్ తనదిగా చేసుకున్న మనిషి మాత్రం నాకు వాటిలో కనిపించలేదు. ఆ సాయంత్రం పోయింది ప్రాణంతో పాటు ఆ టేబుల్ కూడా.

ఇక్కడొక తమాషా ఉంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'కి 2019లో తానా నవలా బహుమతి వచ్చింది. క్రిష్ సినిమాగా తీశాక నగరాల్లో కూడా చాలామంది చదివారు. ఉద్యోగం దొరక్క నగరం నుంచి తిరిగొచ్చిన ఇంజనీరు కుర్రాడు, కరువుకు తాళలేక నల్లమలకు తోలుకుపోతున్న గొర్రెల మందతో అడవిలోకి వెళ్ళే కథ. దీన్ని అందరూ అడవి నవల అంటారు. నేను వలస నవల అంటాను. నీళ్ళెక్కడ, మేతెక్కడ, పులెక్కడ, ఈ రాత్రి మంద ఎక్కడ ఆపాలి: ప్రతి మజిలీ ఒక ఎంపిక, ప్రతి ఎంపికకూ మూల్యం ఉంది. తమ మజిలీల గురించి ఇలా రాసుకోని అమెరికా తెలుగువాళ్ళ సంఘమే దానికి బహుమతి ఇచ్చింది. ఇది ఎత్తిపొడుపుగా అనట్లేదు. మంచి నవలను గుర్తుపట్టారు. ఆ నవల తమ గురించి కూడా అని గుర్తుపట్టారో లేదో.

కర్నూలు పడమటి మండలాల్లో పంట పోయిన ఏడాది జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకోతకు కొందరు, బెంగళూరులో బిల్డింగు పనులకు కొందరు. వాళ్ళ దగ్గర కూర్చుంటే చిన్న ఊరా పెద్ద ఊరా అన్న ప్రశ్నకు చాలా కచ్చితమైన జవాబులు వినిపిస్తాయి. మిరప చేలల్లో గుడిసె వేసుకోనిస్తారు, పిల్లోల్ని కళ్ళ ముందు పెట్టుకోవచ్చు, పని మాత్రం కొన్ని నెలలే. బెంగళూరులో ఏడాదంతా పని, కానీ నీళ్ళు కొనుక్కోవాలి, ఆడపిల్లను షెడ్డులో ఒంటరిగా వదలాలి. విమానమెక్కినవాడి ఎక్సెల్ షీటులో ఉన్న గడులు కూడా ఇంచుమించు ఇవే. వాళ్ళిద్దరి దూరం నాకు తెలుసు, ఒకరి కూలీ ఇంకొకరి టిప్పు. అయినా ఆ లెక్క వేసే పద్ధతి మా నేలలో ఉంది, దాని భాషా ఉంది. అమెరికా కథ ఆ భాషను వాడుకోలేదు.

ఇప్పుడు ఆస్ట్రేలియా ఈ ఎంపికకు ఏకంగా మార్కులు వేస్తోంది. 2019 నవంబరులో వచ్చిన 491 వీసాకి రాష్ట్రం నామినేట్ చేస్తే 15 పాయింట్లు అదనం. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా 'ప్రాంతీయ' ఊళ్ళలో ఉండాలి. పది లక్షలు దాటిన అడిలైడ్ కూడా ఆ లెక్కన పల్లె కిందే వస్తుంది. మూడేళ్ళు అక్కడ ఉండి, పన్ను కట్టి చూపిస్తే శాశ్వత వీసాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మూడేళ్ళు పూర్తయిన మర్నాడు ఒక తెలుగు ఇంట్లో ఏం జరుగుతుందో నేను చదవాలనుకుంటున్నాను. భర్త మెల్‌బోర్న్‌లో ఉద్యోగాలు వెతుకుతుంటాడు. భార్య పెరట్లో గోంగూర పట్టుకుంది, పక్కింటి ముసలామెకు ప్రతి గురువారం మందులు తెచ్చిపెడుతుంది. పిల్లాడు బడిలో ఫుటీ టీములో చేరాడు. కార్టన్ పెట్టెలు కొనాలా వద్దా అని ఆ రాత్రి వాళ్ళు ఏ యాసలో పోట్లాడుకుంటారు?