మాత్రల లెక్క, జననాల లెక్క: ఖన్నా అధ్యయనంపై మమ్దానీ విమర్శ

కుటుంబ నియంత్రణ కార్యక్రమం జననాలను ఎంత మేరకు తగ్గించిందో తేల్చడానికి 1950ల దశకంలో పంజాబులోని లూధియానా జిల్లాలో హార్వర్డ్ పరిశోధకులు ఖన్నా అధ్యయనం చేపట్టారు. ప్రయోగ గ్రామాలతో పాటు పోలిక గ్రామాలనూ ఎంచుకోవడం దాని బలం. గర్భనిరోధక మాత్రలు తీసుకున్నవారు అనేకులు. జననాల తగ్గుదలలో మాత్రం ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మహమూద్ మమ్దానీ మనుపూర్ గ్రామస్థులను కలిసి, 1972లో వెలువరించిన గ్రంథంలో దీనికి కారణం చూపారు. ఇంటికి వచ్చినవారిని కాదనలేక పలువురు మాత్రలు పుచ్చుకున్నారే గాని వాడలేదు. సేద్యానికి చేతులు కావలసిన ఇంట సంతానం భారం కాదన్నది ఆయన వాదం. పంపిణీ లెక్కనే ప్రభావంగా చూపే నివేదికలకు (వాటికి నేటికీ కొదవ లేదు) ఈ విమర్శ సూటిగా తగులుతుంది.

అయితే జీవన పరిస్థితులు మారనిదే జననాలు తగ్గవన్న ఆయన నిర్ధారణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం ఎదురు నిలుస్తుంది. 2001 జనగణన నాటికి ఇక్కడి స్త్రీల అక్షరాస్యత సుమారు 50 శాతమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మొత్తం సంతాన రేటు మాత్రం 1992-93లో 2.6 ఉండగా 2005-06 నాటికి 1.8కి దిగింది. ప్రధాన సాధనం స్త్రీల శస్త్రచికిత్స. ఈ తగ్గుదలలో కార్యక్రమం వాటా ఎంత, స్త్రీల సొంత నిర్ణయం ఎంత అన్నది శస్త్రచికిత్సల సంఖ్యను బట్టి తేలేది కాదు. ఇక్కడ పోలిక గ్రామాలూ లేవు.