పునాదికి భుజం పట్టే చేతులు

మామిడి సీజన్‌లో ఉమ్మడి కృష్ణా జిల్లా మైలవరం లాంటి ఊళ్లో దుకాణం మూసి కూర్చోవడం కుదరదు. అందుకే వాణిజ్య భవనం ఓ మూల కుంగి, షట్టర్ ఇరుక్కుపోయి, గోడపై పగులు ఐమూలగా పాకితే యజమానికి నిద్ర పట్టదు.

కారణం తరచూ నేలలోనే ఉంటుంది. ఈ జిల్లాలో విస్తారంగా ఉన్న నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. పగిలిన డ్రైనేజీ పైపు ఒక మూలనే తడిపితే భవనం అంతటా సమంగా కదలదు.

అప్పుడు రంగంలోకి దిగే, జాకీలతో భవనాన్ని ఎత్తే బృందం పనితనమంతా ఓర్పులోనే ఉంది. నీటి లెవెల్ గొట్టంతో ఎక్కడ ఎంత దిగిందో ముందు గుర్తు పెడతారు. పునాది పొడవునా ఒకేసారి తవ్వరు. ఒక గుంత తవ్వి, కాంక్రీటు నింపి, అది గట్టిపడ్డాకే పక్క భాగం ముట్టుకుంటారు. ఆ కొత్త దిమ్మెల మీద జాకీలు నిలిపి, బీముల కింద బిగిస్తారు. మేస్త్రీ సైగకు అందరూ ఒకేసారి, చెప్పిన కొలతే తిప్పాలి. భవనం లేచేది మిల్లీమీటర్లలో. ఒక్క చెయ్యి తొందరపడినా కొత్త పగులే!

ఇలాంటి ఓర్పుతోనే ఇటలీలోని పీసా వాలు గోపురాన్ని 1990లో మూసి, ఎత్తువైపు మట్టిని కొద్దికొద్దిగా తీసి, వాలు తగ్గించి 2001లో తెరిచారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్నయితే విప్పదీసి, పునాది నుంచి మళ్లీ కట్టి 2024లో తెరిచారు. పేరు బయటికి రాని మన జాకీల మేస్త్రీలదీ అదే స్థాయి శ్రద్ధ.

దుకాణదారులారా, పగులుకు లప్పం పూసి రంగు వేయకండి. ముందు నీటి లీకు ఆపించి, ఇంజినీరుతో మట్టి పరీక్ష చేయించండి.